శ్రద్ధగా చదివే ఒక్క మనిషి

(కొత్తగా రాస్తున్నవాళ్ల కోసం జరిగిన సమావేశంలో ఒక కథారచయిత్రి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మొహమాటం వద్దు.

కొత్తగా రాస్తున్నవాళ్లు ఎవరు కలిసినా చివరికి ఒకే మాట అడుగుతారు. "నేను రాసింది బాగుందా అండీ?" అంటారు. బాగుందంటే ఆ పూటకి సంతోషం. మర్నాటికి మళ్లీ అనుమానం. నిజంగానే బాగుందా, మొహమాటానికి అన్నారా? మీలో ఎంతమందికి ఇది అనుభవం? చాలా చేతులే లేచాయి. అంటే పొగడ్త ఎంత దొరికినా ధైర్యం నిలవడం లేదన్నమాట. మరి ధైర్యం దేనివల్ల నిలుస్తుంది? ఈ పూట దాని గురించే మాట్లాడదామనుకుంటున్నాను. నేను చూసినంతలో, చదివినంతలో, రాసేవాళ్లకు అది ఎక్కువగా ఒక్క చోటు నుంచే వచ్చింది. తమ రాతను ఎవరో ఒకరు పూర్తి శ్రద్ధతో చదివారన్న నమ్మకం నుంచి.

ఒక మనిషి గురించి చెబుతాను. పేరు ద్మిత్రీ గ్రిగొరోవిచ్. రష్యన్ రచయిత. ఆయన రచనలు చదివినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? లేరు కదూ. సరే, ఆయన ఎవరెవరిని చదివాడో చెబుతాను, అప్పుడు మీకు ఆసక్తి కలుగుతుంది. 1845లో ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్న కుర్రాడు ఒకడు తన మొదటి నవల పూర్తి చేసి చదివి వినిపించాడు. గ్రిగొరోవిచ్ ఉండబట్టలేకపోయాడు. ఆ రాతప్రతి పట్టుకుని కవి, సంపాదకుడు నెక్రాసోవ్ దగ్గరికి వెళ్లాడు. పది పేజీలు చదివి చూద్దాం అని మొదలుపెట్టినవాళ్లిద్దరూ రాత్రంతా కూర్చుని మొత్తం చదివేశారు. తెల్లవారుజామునే వెళ్లి ఆ కుర్రాడి తలుపు తట్టారు. పొద్దున దాకా ఆగలేకపోయారు! ఆ కుర్రాడికి 23 ఏళ్లు. పేరు దోస్తోయెవ్‌స్కీ.

నలభై ఏళ్లు గడిచాయి. గ్రిగొరోవిచ్ అరవైల్లోకి వచ్చాడు. 1886 మార్చిలో ఆయన ఒక కుర్ర డాక్టరుకి ఉత్తరం రాశాడు. ఆ డాక్టరు ఇల్లు గడవడం కోసం హాస్య పత్రికలకు చిన్న చిన్న కథలు రాస్తుండేవాడు. చాలావాటికి సొంత పేరు కూడా పెట్టుకునేవాడు కాదు, కలం పేరుతో పంపేసేవాడు. గ్రిగొరోవిచ్ ఏం రాశాడు? నీలో అసలైన ప్రతిభ ఉంది, దాన్ని గౌరవించు, తొందరతొందరగా రాయడం మానెయ్ అని రాశాడు. తనకు నచ్చని సంగతులు కూడా దాచలేదు, ఫలానా రకం వర్ణనలు వద్దని చెప్పాడు. ఆ డాక్టరు చెహోవ్. అప్పటికి ఆయన వయసు 26.

చెహోవ్ రాసిన జవాబు ఇప్పటికీ దొరుకుతుంది. వీలైతే వెతికి చదవండి. ఆ ఉత్తరం పిడుగులా తగిలిందని రాశాడు, ఏడుపొచ్చినంత పనైందన్నాడు. తన చుట్టూ రాసేవాళ్లు చాలామంది ఉన్నా తనను కళాకారుడిగా చూసినవాళ్లు లేరన్నాడు. తన రాత పెద్ద లెక్కలోది కాదన్న అభిప్రాయానికి తానే అలవాటు పడిపోయానన్నాడు. ఏ కథ మీదా ఒక రోజు మించి కూర్చున్న గుర్తు లేదన్నాడు. ఇది మనం ఆగి ఆలోచించాల్సిన మాట. చెహోవ్‌కి ప్రతిభ లేక ఒక్క రోజులో రాసెయ్యలేదు. తన రాతను తానే పట్టించుకోలేదు, ఎందుకంటే చుట్టూ ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెద్దాయన పట్టించుకున్నాడు. మర్నాటి నుంచే మనిషి మారిపోయాడని నేను అనను, ఇంటి ఖర్చులు అలాగే ఉన్నాయి, పత్రికల గడువులూ అలాగే ఉన్నాయి. కానీ 1887లో వచ్చిన కథల సంపుటిని గ్రిగొరోవిచ్‌కే అంకితం ఇచ్చాడు. ఆ పుస్తకానికే 1888లో పుష్కిన్ బహుమతి వచ్చింది.

ఒకే మనిషి, నలభై ఏళ్ల తేడాతో, రెండు సార్లు. ఇద్దరికీ ఆయన కథ ఎలా రాయాలో పాఠం చెప్పలేదు. చదివాడు. చదివాక తనలో ఏం జరిగిందో ఆలస్యం చేయకుండా చెప్పాడు. మెంటర్, అంటే మనకు దారి చూపే అనుభవం ఉన్న మనిషి, చేసే పనిలో అతి ముఖ్యమైనది ఇదే అని నా నమ్మకం. ఇది విన్నాక ఇక్కడున్న పెద్దవాళ్లకు ఒక మాట. మీకు ఈ మధ్య ఎవరైనా కొత్తవాళ్ల కథ నచ్చి ఉంటే, వాళ్లకి ఆ మాట చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రి చెప్పండి. చాలామంది ఆ ఒక్క మాట రాక, రాయడం ఆపేస్తున్నారు.

సరే, శ్రద్ధగా చదవడం అంటే ఏమిటి? ఉదాహరణ లేకుండా చెబితే గాల్లో మాట అవుతుంది. తండ్రి చనిపోయాక కొడుకు ఇంటికొచ్చిన కథ ఒకటి అనుకోండి. కొత్త రచయిత ఇలా రాశాడు: "అతను తీవ్రమైన బాధలో మునిగిపోయాడు. గుండె బరువెక్కింది. జ్ఞాపకాలు ముసురుకున్నాయి." మామూలు పాఠకుడు ఏమంటాడు? బాగుంది, కదిలించింది అంటాడు. ఇంకొకరు, భాష పాతగా ఉంది అంటారు. రెండూ రాసినవాడికి పనికిరావు. మంచి మెంటర్ ఏమంటారంటే, "నాకు అతను కనిపించలేదు. ఆ గదిలో అతను ఏం చేశాడు? చేతులు ఎక్కడున్నాయి?" అని అడుగుతారు. అంతే. ఇలా రాయి అని చెప్పరు. ఆ రచయిత ఇంటికెళ్లి ఆలోచిస్తాడు, నిజమే, ఏం చేశాడు? అప్పుడు ఇలా రాస్తాడు: "బల్ల మీద నాన్న కళ్లజోడు ఉంది. మడిచి పెట్టెలో పెట్టాడు. మళ్లీ తీసి, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టాడు." చూశారా? బాధ అన్న మాటే లేదు. కానీ బాధ ఉంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, తర్వాతి కథ రాసేటప్పుడు ఆ ప్రశ్న ఆ రచయితకు తనంతట తానే వస్తుంది. ఇక్కడ మనిషి కనిపిస్తున్నాడా అని తనను తానే ప్రశ్నించుకుంటాడు. నేను ధైర్యం అంటున్నది దీన్నే. తన చిత్తుప్రతిని తనే చదువుకుని, ఎక్కడ నిలబడిందో ఎక్కడ కూలిందో పోల్చుకోగలగడం. ఆ శక్తి వచ్చినవాడికి తిరిగొచ్చిన కథ చూస్తే బాధ కలుగుతుంది కానీ భయం వేయదు.

ఎలా అడగాలి

ఇక అసలు సమస్య. ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు, ఎలా అడగాలి? దీని మీద నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే చాలామందికి మెంటర్ లేకపోవడానికి కారణం అడగడానికి మొహమాటం, లేదా తప్పుగా అడగడం.

1862 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక 31 ఏళ్ల ఆవిడ, ముఖపరిచయం లేని ఒక రచయితకి ఉత్తరం రాసింది. ఆయన కొత్త రచయితలకు సలహాలిస్తూ పత్రికలో రాసిన వ్యాసం చదివి, నాలుగు కవితలు జతచేసి పంపింది. నాలుగే. ఆవిడ దగ్గర అప్పటికి ఇంకా చాలా ఉన్నాయి. ఉత్తరం కూడా చిన్నది. బాగున్నాయా అని అడగలేదు. మీకు తీరిక ఉంటే నా కవిత్వానికి ప్రాణం ఉందో లేదో చెప్పగలరా అని అడిగింది. ఆవిడ ఎమిలీ డికిన్సన్. ఆయన థామస్ హిగిన్సన్. ఆ ఉత్తరాల రాకపోకలు 1886లో ఆవిడ చనిపోయేదాకా సాగాయి. ఎనిమిదేళ్ల తర్వాత కానీ ఒకరినొకరు చూసుకోలేదు.

ఈ ఉత్తరంలో ఎన్ని సంగతులున్నాయో చూడండి. ఆవిడ ఆయన వ్యాసం చదివి రాసింది. ఊరికే ఒక పెద్ద పేరు చూసుకుని రాయలేదు. మీరు ఎవరికి రాయాలనుకుంటున్నారో వాళ్ల పుస్తకం చదివారా? చదవకపోతే ముందు చదవండి. ఆ మనిషికి ఏం నచ్చుతుందో, దేని మీద పట్టు ఉందో తెలియకుండా మీ కథ ఎలా ఇస్తారు? తర్వాత, కొంచెమే పంపింది. మొదటి పరిచయంలోనే నాలుగు వందల పేజీల నవల పంపి, చదివి అభిప్రాయం చెప్పండి అనడం అవతలి మనిషికి పెద్ద భారం. ఒక్క కథ పంపండి. పూర్తయిన కథ, సాపు చేసిన కథ. ఇంకా సగమే అయిందండీ, ఐడియా చెబుతాను అనకండి. ఇక మూడో సంగతి, ఆవిడ సూటిగా అడిగింది. మీరూ సూటిగా అడగండి. "రెండో భాగంలో కథ ఆగిపోయినట్టు నాకు అనిపిస్తోంది, మీకూ అనిపించిందా?" అని అడిగితే చదివేవాళ్లకు దారి దొరుకుతుంది. నాకు బాగా నచ్చే ప్రశ్న ఇంకొకటుంది. "ఎక్కడ మీకు చదవడం ఆపేయాలనిపించింది?" దీనికి జవాబు వినడానికి గుండె గట్టిగా ఉండాలి. కానీ కొత్త రచయితకి ఇంతకంటే పనికొచ్చే జవాబు ఇంకొకటి లేదు.

జవాబు రాకపోతే? కొన్నాళ్లు ఆగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, ఇంకొకరికి రాయండి. ఆ మౌనం మీ కథ మీద తీర్పు అనుకోకండి. వాళ్లకీ వాళ్ల రాతలు, వాళ్ల బాధలు ఉంటాయి.

జవాబు వస్తే? అసలు పరీక్ష అప్పుడు. మొదటి రోజు ఏమీ అనకండి. ధన్యవాదాలు చెప్పి ఊరుకోండి. మనకి వెంటనే వచ్చే మాట ఏమిటి? "నా ఉద్దేశం అది కాదండీ, నేను చెప్పాలనుకున్నది..." అని మొదలుపెడతాం. మీ ఉద్దేశం పేజీ మీద లేదు కాబట్టే కదా వాళ్లకు అందలేదు! ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని మీరు వివరించలేరు. వాళ్లు చెప్పినవి రాసుకోండి. రెండు రోజులాగి, ఆ కాగితం పక్కన పెట్టుకుని కథ మళ్లీ చదవండి. ఏదో అడ్డుపడిందని వాళ్లు చూపించిన చోట చాలాసార్లు నిజంగానే ఏదో ఉంటుంది. దాన్ని ఎలా సరిచేయాలని వాళ్లు చెప్పారో అది మాత్రం మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆ పరిష్కారం మీది. అలా సరిచేశాక, ఏం మార్చారో రెండు మాటల్లో వాళ్లకి తెలియజేయండి. తన సమయం వృథా కాలేదని తెలిసిన మనిషి రెండోసారి సంతోషంగా చదువుతారు. మెంటర్‌షిప్ అనేది చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ఎవరూ, ఈ రోజు నుంచి నేను నీ మెంటర్‌ని అని ప్రకటించరు.

మెంటర్ చేయలేనివి, చేయకూడనివి

హిగిన్సన్ కథలో రెండో సగం ఉంది. అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయన మంచివాడు, శ్రద్ధగల మనిషి. కానీ ఆ కవితల నడక ఆయనకు పూర్తిగా పట్టుబడలేదు. అప్పుడే అచ్చు వేయొద్దు, ఆగమన్నట్టు చెప్పాడు. ఆవిడ మర్యాదగా విన్నది. తన పద్ధతి మాత్రం మార్చుకోలేదు. మరి ఎందుకు పాతికేళ్లపాటు ఆయనకు రాస్తూ వచ్చింది? మీరు నా ప్రాణం నిలబెట్టారు అని ఆయనకే ఒక ఉత్తరంలో రాసింది! సలహా తీసుకోలేదు, కానీ ప్రాణం నిలబెట్టారంది. ఆవిడకి కావలసింది దిద్దుబాటు కాదు, అటువైపు చదివే మనిషి ఒకరున్నారన్న భరోసా. ఆవిడ పోయాక 1890లో తొలి సంపుటి వచ్చింది. హిగిన్సన్ ఇంకొకావిడతో కలిసి దానికి సంపాదకత్వం వహించాడు. కవితల్లో మాటలు, ప్రాసలు, విరామ చిహ్నాలు సరిచేసి నున్నగా చేశారు. ఆవిడ రాసినవి రాసినట్టుగా పూర్తి కవితలు అచ్చులో రావడానికి 1955 దాకా పట్టింది.

కాబట్టి ప్రేమగల మెంటర్ కూడా మీ గొంతుని నున్నగా చేసేయొచ్చు. మీకు ప్రాణమైన వాక్యం ఏదో మీకు తెలిసుండాలి. ఏ మార్పునైనా ఒప్పుకునే ముందు మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి, దీనివల్ల నా కథ మరింత నా కథ అవుతుందా, వాళ్ల కథ అవుతుందా?

మన దగ్గర చూడండి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు అవధాన కవిత్వంలో మేరు శిఖరం. ఆయన శిష్యుల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. వీళ్లెవరూ ఇంకో చెళ్ళపిళ్ళ కాలేదు. విశ్వనాథ వారైతే పద్యంతోపాటు నవలలోకి, కథలోకి, విమర్శలోకి వెళ్లారు. 1970లో తెలుగుకి మొదటి జ్ఞానపీఠం తెచ్చారు. గురువు మీద భక్తి ఉంది, దారి మాత్రం తమది. రెండూ కలిసి ఉండొచ్చు.

ఇక చేదు మాటలు. ఇవి త్వరగా చెప్పేస్తాను కానీ గట్టిగా చెబుతాను. ముందే డబ్బు కట్టండి, అచ్చు గ్యారంటీ, అవార్డు గ్యారంటీ అనేవాళ్లను నమ్మకండి. శిక్షణకి ఫీజు తీసుకోవడం తప్పు కాదు, ఫలితానికి హామీ ఇవ్వడం తప్పు. మీ కథ కింద తన పేరు పెట్టమనేవాళ్ల దగ్గర ఒక్క రోజు ఉండకండి. తనను పొగిడితేనే మీది చదివేవాళ్లు మీకు మెంటర్ కారు. అమ్మాయిలకు ప్రత్యేకంగా చెబుతున్నాను, సాహిత్యం గురించి మాట్లాడాలంటే మీకు ఇబ్బంది అనిపించే చోటుకో, వేళకో రమ్మంటే వెళ్లనక్కర్లేదు. ఆ అవకాశం పోతే పోనివ్వండి. మీకు అనుమానం వచ్చిందంటే చాలు, రుజువులు వెతకనవసరం లేదు. ఇంకొకరితో ఆ మాట పంచుకోండి, దాచుకోకండి.

కెరీర్ సంగతి కూడా అడిగారు నిర్వాహకులు. రాయడం ఒక పని, రాసినదాన్ని లోకంలోకి పంపడం ఇంకో పని. రెండో పని ఎవరూ మనకు నేర్పరు. ఇక్కడ అనుభవం ఉన్న మనిషి తోడుంటే చాలా ఏళ్లు కలిసొస్తాయి. ఏ పత్రిక ఎలాంటి కథ వేస్తుంది, సంపాదకుడికి రాసే ఉత్తరం ఎంత చిన్నగా ఉండాలి, ఒప్పందం మీద సంతకం చేసేముందు ఏం చూడాలి. హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నారు? అనువాదం, ఆడియో, సినిమా హక్కులు అందులో కలిసిపోయాయా? రాయల్టీ లెక్క ఎప్పుడెప్పుడు చెబుతారు? మొదటి పుస్తకం వస్తోందన్న ఆనందంలో ఇవి అడగడానికి నోరు రాదు. మీ బదులు ఇంకొకరు ఆ కాగితం చదివితే, అడగాల్సినవి గుర్తుచేస్తారు. ఇంకోటి, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ కథ, ఎక్కడికి, ఏ తేదీన పంపారు, ఏమైంది. తిరిగొచ్చిన కథ పక్కన ఇప్పుడు ఎక్కడికి పంపాలో రాసుకోండి. అది కళ్ల ముందుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

సంపాదకులు కూడా మెంటర్లే, మరిచిపోకండి. 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవల రాసిన హార్పర్ లీ పేరు మీకు తెలుసు. 1957లో ఆవిడ ఇచ్చిన రాతప్రతిలో నాయిక పెద్దదై సొంతూరికి తిరిగొస్తుంది. ఎడిటర్ టే హోహాఫ్ చదివి, ఇందులో ప్రతిభ ఉంది కానీ ఇది ఇంకా నవల కాలేదు అనుకుంది. తిప్పి పంపలేదు. రెండేళ్లకు పైగా కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ రాయించింది. ఆ అమ్మాయి చిన్నతనం వైపు కథ మళ్లింది. 1960లో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. మీ ఎడిటర్ మళ్లీ రాయమంటే మీ మీద నమ్మకం ఉండబట్టే అంటున్నారు. నమ్మకం లేకపోతే తిప్పి పంపడమే వాళ్లకు సులువు.

ఒకరు చీటీ రాసి పంపారు, "మాకు ఎవరూ దొరక్కపోతే ఏం చేయాలి?" అని. మంచి ప్రశ్న, దీంతో ఆపుతాను. 1899లో చెహోవ్ ఒక కుర్ర రచయితకి ఉత్తరం రాశాడు. ప్రూఫులు దిద్దేటప్పుడు విశేషణాలు వీలైనన్ని కొట్టేయ్, ఒక మనిషి గడ్డి మీద కూర్చున్నాడు అంటే చాలు, పాఠకుడికి వెంటనే కనిపిస్తాడు అని. ఆ కుర్రాడు గోర్కీ. పదమూడేళ్ల కిందట ఒక ఉత్తరం అందుకున్నవాడు ఇప్పుడు తను రాస్తున్నాడు. ఇంత పేరు రాకముందే మీరూ ఈ పని మొదలుపెట్టవచ్చు. ఈ గదిలోనే చూడండి, మీ పక్కన కూర్చున్నవాళ్లూ రాసేవాళ్లే. ముగ్గురు చాలు. నెలకొక కథ, ముందే చదివి రావాలి, రాసినవాళ్లు ఆ గంటసేపు నోరు విప్పకూడదు. మిగతా ఇద్దరూ బాగుంది, బాగాలేదు అన్న మాటలు వాడకుండా ఎక్కడ ఏం కనిపించిందో, ఎక్కడ ఏం కనిపించలేదో చెప్పాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది, మూడు నాలుగు నెలలకి అలవాటవుతుంది. ఇతరుల కథలో మనిషి కనిపించని చోటు పట్టుకోవడం వచ్చాక మీ కథలోనూ అది దొరకడం మొదలవుతుంది. టీ విరామంలో ఎవరితో కలవాలో చూసుకోండి. పేర్లూ నంబర్లూ అప్పుడే రాసేసుకోండి, తర్వాత అంటే వాయిదా పడిపోతుంది. మొదటి కథ ఎవరు ఇస్తారో కూడా ఇవాళే తేల్చుకోండి.